గట్టు మీద ఖాళీ

దుర్గన్న అనే ముసలి గాడిద రోజూ కాలవ గట్టు అంచునే నడిచేవాడు. పెళ్లాం జారి నీళ్లలో పడకుండా ఆమెను లోపలివైపు నడిపించడం అతని అలవాటు. ఆమె పోయి రెండేళ్లయినా ఆ చోటు అలాగే ఖాళీగా వదిలేవాడు.

"లేనిదానికి దారి వదలడమేంటయ్యా? మధ్యలో నడువు," అని గట్టు మీద మేసే మేక నవ్వేది.

ఒకరోజు గట్టు మొదట్లో సింగారి అనే ముసలి ఆడగాడిద వణుకుతూ నిలబడి ఉంది. ఆమెకి చూపు పోయింది. ఇన్నాళ్లూ దారి చూపిన మొగుడూ పోయాడు.

దుర్గన్న వెళ్లి అంచువైపు నిలబడ్డాడు. "నా భుజానికి ఆనుకుని నడవండి," అన్నాడు.

గట్టు దాటాక సింగారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఇంత ఇరుకు దారిలో ఒక్కసారి కూడా నన్ను నెట్టలేదు. ఎవరు నేర్పారండీ మీకు?"

"మా ఆవిడ. లోపలివైపు చోటు ఆమెదే, పోయాక అలాగే ఖాళీగా ఉంచాను," అన్నాడు దుర్గన్న.

సింగారి మెల్లగా, "రేపు కూడా ఆ చోటు నాకిస్తే ఆవిడ ఏమీ అనుకోదు కదా?" అంది.

"అనుకోదు. పెందలాడే వచ్చెయ్యి," అన్నాడు దుర్గన్న. "రెండేళ్లుగా అటు నేను అడుగు పెట్టలేదు. గడ్డి మెత్తగా పెరిగింది, నీ కాళ్లకి హాయిగా ఉంటుంది."