నలభై ఇళ్ళు, ఒకే జవాబు

“నలభై ఇండ్లు తిరిగినవా, హాస్టల్ల మంచం మీద కూసొని నలభై కాగితాలు నింపినవా?” అని అడిగాడు సారంగపాణి సారు.

రోజారాణి నోరు తెరిచేలోపే కట్ట విప్పి ఆయనే చదవడం మొదలుపెట్టాడు. మిర్చి ఏరడానికి ఏటా ఊరు విడిచి ఎందుకు పోతారన్నది ప్రశ్న. ‘వర్షాభావ పరిస్థితులు, ఉపాధి లేమి, కుటుంబ అవసరాలు’ అన్నది మొదటి ఇంటి జవాబు. రెండో ఇంటిదీ అదే. నలభయ్యో ఇంటిదీ అదే. అక్షరం పొల్లుపోలేదు.

“తండాల ముసలమ్మలు వర్షాభావ పరిస్థితులు అంటరా? ఎవరికి చెప్తవ్?”

వాళ్ళు చెప్పిందే రాశానని రోజారాణి అన్నది. ఆయన వినలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు అంటే ఎవరి పరిశోధన వాళ్ళు సొంతంగా చేయాలని, సోషియాలజీలో కల్పించి రాయడం కంటే పాపం లేదని, తను సంతకం పెట్టనని తేల్చేశాడు. సోమవారంలోగా ఆ సంతకం పడకపోతే డిగ్రీ చేతికి రాదు. మణుగూరులో బొగ్గుబావి డ్యూటీ దిగగానే నాన్న రోజూ ఫోన్ చేసి అయిపోయిందా బిడ్డా అని అడుగుతున్నాడు. పదిహేను రోజులు ఎండలో పడి తిరిగినందుకు దక్కింది ఈ మాట. రోజారాణికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

“అయితే మీరే వచ్చి అడుగుండ్రి సార్.”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఖమ్మంలో టేకులపల్లి బస్సెక్కారు. అక్కడినుంచి ఆటో. అడవిలోకి మళ్ళాక సారు కాస్త మెత్తబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. పరిశోధన చేసేవాళ్ళు జనం మధ్య కూర్చోవాలట, వాళ్ళ నోటిమాట వాళ్ళ యాసలోనే పట్టుకోవాలట. తన పీహెచ్‌డీ రోజుల్లో రెండు జతల చెప్పులు అరిగాయట. రోజారాణి ఊ కొట్టింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అందులోనూ మార్కులు వేసేవాడు చెబుతుంటే మరీను.

తండాలో మొదటి ఇంట్లో నిన్నమొన్న కాపురానికొచ్చిన కోడలు ఒక్కతే ఉంది. సారు అరుగు మీద కూర్చుని, మిర్చికి ఎందుకు పోతారమ్మా అని మెల్లగా అడిగాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“వర్షాభావ పరిస్థితులు, ఉపాధి లేమి, కుటుంబ అవసరాలు.”

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రెండో ఇంట్లో దేవ్లా అనే పెద్దమనిషి గేదెకు కుడితి పెడుతూ అదే మాట అన్నాడు. మూడో ఇంట్లోనూ అంతే. రోజారాణికి గుండెల మీద బరువు దిగినట్టయింది.

నాలుగో ఇల్లు మోతీది. అరవై దాటిన మనిషి. సారును ఎగాదిగా చూసి, మంచినీళ్ళిచ్చి, అందరూ చెప్పిందే తనూ చెప్పింది. ఈ మాటలు మీకెవరు నేర్పారవ్వా అని ఈసారి రోజారాణి అడిగింది.

మోతీ ఏమీ దాచలేదు. పాతికేళ్ళ కింద తామంతా ఖమ్మం దగ్గర మిర్చి చేలో గుడిసెలు వేసుకుని ఉంటే, చదువుకునే పిలగాడొకడు కాగితాలు పట్టుకుని వచ్చాడట. ఒక్కొక్కరినీ అడిగితే పొద్దుపోతుందని అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, పెద్దసార్లు వచ్చి అడిగితే ఇదే చెప్పమని మూడుసార్లు వల్లె వేయించాడట. ఆ ఏడాదే తండాకు బోరు పడింది.

“గా మాట చెప్పినంకనే నీళ్ళొచ్చినయ్ బిడ్డా. అందుకే పిల్లలకు, కోడండ్లకు గదే నేర్పుకున్నం. మార్చి చెప్తే బోరు ఎండదా?”

సారు గ్లాసు కింద పెట్టి, కాగితాల కట్ట తీసుకుని, అడక్కుండానే గబగబా సంతకం పెట్టేశాడు. నీ తప్పేం లేదమ్మా అన్నాడు. రోజారాణి కళ్ళు చెమర్చాయి. ఆటోవాడు తొందరపెడుతున్నాడని ఆయన లేచాడు గానీ, నోరు ఊరుకోలేదు. కాస్త పెద్ద గొంతుతోనే అందుకున్నాడు.

“చూసినవా, గసొంటి దొంగల వల్లనే మన సబ్జెక్టు పరువు పోతున్నది. కష్టపడకుండ పట్టా కొట్టేసిండు. ఇప్పుడు ఏ కాలేజీల ఎంతమంది పిల్లల్ని చెడగొడుతున్నడో.”

మోతీకి ఆ మాటలు వింటే బాధనిపించింది. దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఊకో సారూ, ఇన్నేండ్లకు కనవడ్డవ్, నిన్ను నువ్వే గింతగనం తిట్టుకోకు.”