ఏసురత్నానికి దొరికిన ఏజెంటు

"నాకు ఏజెంటు దొరికినాడన్నా, చెన్నైలో," అన్నాడు ఏసురత్నం.

ధర్మవరం బస్టాండు పక్కన ఇద్దరూ టీ తాగుతున్నారు. అంతకు గంట ముందే రచయితల సమావేశంలో తిరుపాల్ కొత్త నవలను ఒకరి తర్వాత ఒకరు లేచి మెచ్చుకున్నారు. ఆ సంబరం ఇంకా తీరకముందే ఈ మాట వచ్చి పడింది. తిరుపాల్‌కు నోట్లోని టీ చప్పబడిపోయింది.

"ఏజెంటు అంటే, ఇన్సూరెన్సుకా?" అన్నాడు తెలియనట్టు.

ఏసురత్నం ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. నవలలకూ ఏజెంట్లుంటారట. మన తెలుగు నవలను ఇంగ్లీషులోకి తెప్పించి, పెద్ద పెద్ద ప్రచురణకర్తల దగ్గరికి వాళ్ళే తీసుకుపోతారట. పుస్తకం అమ్ముడుపోతే అందులో వాటా తీసుకుంటారట. ముందే చెయ్యి చాపేవాడు అసలు ఏజెంటే కాదట.

"పేరేమి ఆయప్పది?"

"ఇప్పుడే యాడా చెప్పొద్దన్నాడన్నా."

ఆ దాపరికం తిరుపాల్‌ను ఇంకా మండించింది. ఇద్దరిదీ పెనుకొండే. తిరుపాల్ బస్సు కండక్టరు, ఏసురత్నం ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రాత దిద్దించుకోవడానికి నోటుపుస్తకం చంకన పెట్టుకుని తన ఇంటికి వచ్చే మనిషి, తనకంటే ముందు ఇంగ్లీషులోకి పోతున్నాడు. తిరుగు బస్సులో పెనుకొండ వచ్చేదాకా తిరుపాల్ కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు తిండి సయించలేదు. డ్యూటీలో సోమందేపల్లి అడిగిన ముసలాయనకు ధర్మవరం టికెట్టు కొట్టి తిట్లు తిన్నాడు. ఇంట్లో చీటికీమాటికీ చిరాకు పడుతుంటే భార్య గోవిందమ్మ గట్టిగా నిలదీసింది. విషయం విని, అంత కుళ్ళిపోయే బదులు నువ్వూ ఒకరిని వెతుక్కో, నీ చేతులేమైనా కట్టేసినారా అంది.

ఆ మాట బాగా పట్టుకుంది. హిందూపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పే అశోక్ వెంట పడి, మూడు అధ్యాయాలను ఇంగ్లీషు చేయించాడు. కథంతా ఒక్క పేజీలోకి కుదించడానికి వారం పట్టింది. నవల రాయడమే తేలిక అనిపించింది. ఏ ఏజెంటు ఎలాంటి పుస్తకాలు తీసుకుంటాడో ఫోనులో వెతికి, పల్లె కథలంటే ఇష్టపడేవాళ్ళను ఆరుగురిని ఏరి, తెలుగు నవలతో సహా అన్నీ వాళ్ళకు పంపాడు. నలుగురు పలకలేదు. ఒకాయన మర్యాదగా వద్దన్నాడు.

ఆరో ఆమె బెంగళూరు శైలజ. మూడు నెలల తర్వాత ఒక ఉదయం ఫోను చేసింది. తిరుపాల్ హిందూపురం బస్టాండులో ఉన్నాడు. బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.

"నవల మొత్తం తెలుగులోనే చదివానండీ. నాకు నచ్చింది. మేము తీసుకుంటాం," అంది.

తిరుపాల్ టైము కీపరు గది మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె ఒప్పంద పత్రం గురించి, అనువాదం గురించి చెబుతుంటే ఊఁ కొడుతున్నాడు. చివర్లో ఆమె అడిగింది.

"పెనుకొండ నుంచే ఏసురత్నం అని ఇంకొకరు పంపారు. ఇరవై పేజీలే చదివాను గానీ, చాలా బాగా రాశారు. మీకు తెలుసా?"

తిరుపాల్ మెట్ల మీది నుంచి లేచాడు. చెన్నై ఏజెంటు చాలక ఈమె కూడా కావాల్సి వచ్చిందా వీడికి?

"తెలుసు మేడమ్. ఆయప్పకు చెన్నైలో ముందే ఒక ఏజెంటు ఉండాడే. మీకు చెప్పలేదా?"

శైలజ రెట్టించి అడిగింది.

"నిజమేనా?"

"ఆయప్ప నోటితోనే నాకు చెప్పినాడు మేడమ్."

ఇంకొకరితో ఒప్పుకుని, ఆ సంగతి దాచి తమకూ పంపేవాళ్ళతో తాము పెట్టుకోమని శైలజ పొడిగా అని ఫోను పెట్టేసింది.

బస్సు కదిలింది. నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా అని దారంతా తనకు తాను చెప్పుకున్నాడు తిరుపాల్. కానీ తన నవల ఖాయమైన సంతోషం కంటే ఆ రెండో సంతోషమే పెద్దదిగా ఉందని కూడా ఆయనకు తెలుస్తూనే ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ఏసురత్నం ఇంటికి పోయాడు, వాడి ముఖం ఎట్లా మాడిపోతుందో కళ్ళారా చూద్దామని. ఏసురత్నం ఫ్యాక్టరీ యూనిఫాం కూడా మార్చకుండా గడప మీద కూర్చుని ఉన్నాడు. బెంగళూరు శైలజ తన నవల తీసుకుందని తిరుపాల్ ఒక్కో మాటా ఒత్తి మరీ చెప్పాడు.

ఏసురత్నం ముఖం మాడిపోలేదు. లేచి వచ్చి తిరుపాల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకు చెన్నైలో ఏజెంటు ఎవరూ లేరన్నా," అన్నాడు తల వంచుకుని. "ఆ పొద్దు అందరూ నిన్ను మెచ్చుకుంటాంటే ఓర్చుకోలేక అబద్ధం చెప్పినా. దాన్ని నిజం చేసుకుందామని పంపింది ఆ శైలజ మేడమ్‌కు ఒక్కామెకే. వద్దని మధ్యాన్నం మెయిలు పెట్టింది, ఎందుకో రాయలే. నీ మాటయితే ఆమె వింటాది కదన్నా, నా గురించి ఒక్క మాట చెప్పు."