పిలిస్తే పలికే ఫైలు

“బటన్. బటన్. బటన్,” అంది కంప్యూటరు.

కీబోర్డు మీద వదిన వేళ్లు ఆగిపోయాయి. పక్కనే నిలబడ్డ ఆడపడుచు తెర మీదికి వంగి చూసింది. ఇద్దరి వెనకా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు కత్తెర.

ఆ పార్సిల్ కంపెనీలో మేనేజరుని అందరూ చాటుగా పిలుచుకునే పేరది. ఖర్చు కనిపిస్తే చాలు, కత్తిరించేస్తాడు.

ఫిర్యాదుల విభాగంలో ఫోన్లు తీసే వదినకి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడరుతోనే ఆమె పనంతా. పాత ప్రోగ్రాం ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. కొత్తది వచ్చాక, అందులో ఏ గడి ఏమిటో అంతుపట్టక స్క్రీన్ రీడరు కనిపించిన ప్రతిదాన్నీ బటన్ అనడం మొదలెట్టింది. దానికి దారి చూపే స్క్రిప్టులు రాసే పనిని, అదే కంపెనీలో కంప్యూటర్లు చూసే ఆడపడుచు నెత్తినేసుకుంది. ఇవాళ కత్తెర ముందు పరీక్ష.

“పనిచేయడం అంటే ఇదేనా?” అన్నాడు కత్తెర.

“పొద్దున నా కంప్యూటర్లో బాగానే పలికింది సార్,” అంది ఆడపడుచు.

“పొద్దుటి సంగతి నాకెందుకు? ఇప్పుడేమైంది?”

ఆడపడుచు స్టూలు లాక్కుని కూర్చుంది. “ఫిర్యాదులకి ఒక స్క్రిప్టు, చిరునామాలకి ఒకటి, మెయిలుకి ఒకటి ఉన్నాయి సార్. మొదట్లో అన్నిట్లోనూ ఒకే కోడు కాపీ చేసి పెట్టాను, గదికో చీపురు కొన్నట్టు. ఒకచోట తప్పు దిద్దితే మిగతాచోట్ల అలాగే ఉండిపోయేది. అందుకని అన్నిటికీ పనికొచ్చే ముక్కలన్నీ తీసి ఒక లైబ్రరీ ఫైల్లో పెట్టాను. ఇప్పుడు ప్రతి స్క్రిప్టూ పైన ఒక్క లైనులో ఆ ఫైలు పేరు పెట్టి పిలిస్తే చాలు.”

“పిలిచావుగా? మరి పలకదేం?”

ఆడపడుచు లైబ్రరీ ఫైలు తెరిచింది. దిద్దినవన్నీ దిద్దినట్టే ఉన్నాయి. మరి ఈ మొండితనం ఎక్కడిది?

“అమ్మాయ్, కంగారుపడకు,” అంది వదిన మెల్లగా. “ఒక వీధిలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే, మనవాళ్లు ముందు తగిలిన ఇంట్లోనే పార్సిల్ పడేసి పోతారు. నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం అవే. అలాంటిదేమన్నా జరిగిందేమో చూడు.”

ఆడపడుచు వదిన సొంత ఫోల్డరు తెరిచి, నెత్తి కొట్టుకుంది. లైబ్రరీ పాత కాపీ, అదే పేరుతో, అక్కడే కూర్చుని ఉంది. స్క్రిప్టు ముందు అక్కడే వెతికి, దొరికిన పాతదాన్నే పట్టుకుంటోంది. దిద్దిన కొత్తది ఉమ్మడి ఫోల్డర్లో ఎవరికీ పట్టకుండా పడి ఉంది.

పాతదాన్ని తీసేసింది. లైబ్రరీని, దాన్ని పిలిచే స్క్రిప్టుల్ని మళ్లీ కంపైల్ చేసి, కంప్యూటరుకి అర్థమయ్యేలా మార్చింది. “ఇప్పుడు నొక్కు వదినా.”

“ఫిర్యాదు నంబరు. పంపినవారు. అందుకోవలసినవారు,” అంది కంప్యూటరు గడగడా.

వదిన మొహం విప్పారింది. కత్తెర మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఒక చీటీ తీసి ఆడపడుచు చేతికిచ్చాడు. “ఈ ఫిర్యాదు ఎక్కించండి. నువ్వు చదువు, ఆవిడ కొడుతుంది.”

వదిన తడుముకోకుండా కొట్టింది. కంప్యూటరు తప్పులేకుండా తిరిగి చెప్పింది.

“మరీ వేగంగా వాగుతోంది. కొత్తగా వచ్చేవాళ్లకి అర్థమవుతుందా?”

కొత్తగా వచ్చేవాళ్లా? తన చోట్లోకి ఎవరినో తెస్తున్నాడా అనుకుంది వదిన. “నెమ్మదిగా కూడా చెప్పించొచ్చు సార్,” అంటూ వేగం తగ్గించింది.

“ఈ లైబ్రరీ ఇంకో కంప్యూటర్లో పెడితే పనిచేస్తుందా? నువ్వు లేకపోయినా?”

“పనిచేస్తుంది సార్,” అంది ఆడపడుచు. వదిన వైపు చూడలేకపోయింది.

“సిబ్బంది సెలవులు మంజూరు చేసే పేజీ ఉంది. అది కూడా చదువుతుందా?”

“అది వదిన తెరవక్కర్లేదు కద సార్...”

“చదువుతుందా, చదవదా?”

కావాలనే కాలు అడ్డం పెడుతున్నాడు అనుకుంది ఆడపడుచు. పళ్లు బిగబట్టి కొత్త స్క్రిప్టు తెరిచింది. పైన లైబ్రరీని పిలిచే లైను పెట్టింది, కింద ఆ పేజీ గడుల పేర్లు చేర్చింది. కష్టమైన పనంతా లైబ్రరీలోనే ఉంది కాబట్టి, కత్తెర తెప్పించుకున్న టీ చల్లారేలోపే అయిపోయింది.

వదిన ఇక ఉండబట్టలేకపోయింది. “సార్, నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోవాలనుంటే సూటిగా చెప్పండి. ఈ పరీక్షలెందుకు?”

కత్తెర తెల్లబోయాడు. “నిన్ను తీసేస్తానని ఎవరన్నారమ్మా? నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. సోమవారం నుంచి కొత్త ప్రోగ్రాంలోనే పని.”

వదిన చెయ్యి చాచి ఆడపడుచు భుజం వెతికి పట్టుకుంది. “ఇన్నాళ్లూ ఆడపడుచు పోరంటే ఏమిటో అనుకున్నానే,” అంది నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

“ఇంటికి పద, అసలు పోరు చూపిస్తా,” అంది ఆడపడుచు.

కత్తెర వాళ్లని పట్టించుకోలేదు. వంగి, కళ్లు గట్టిగా మూసుకుని, తనే మీటలు తడుముతూ ఒక్కొక్కటీ నొక్కాడు.

“దరఖాస్తుదారు పేరు. సెలవుకి కారణం. మంజూరు,” అంది కంప్యూటరు నెమ్మదిగా.

మళ్లీ మొదట్నుంచీ విన్నాడు. గుండెల మీద నుంచి కొండ దిగినట్టు ఊపిరి వదిలాడు.

“హమ్మయ్య! ఇక డాక్టరన్నట్టు నా చూపు పోయినా నా కుర్చీ పోదు.”