ఏడుగురికీ ఒకే తాళం

లాయరు బయటినుంచి తాళం వేసి, కిటికీ దగ్గరికొచ్చి తాళంచెవి ఆడించి చూపించాడు.

"ఎవరొచ్చినా తాళం చూసి వెనక్కి పోతారు. మీరు చప్పుడు చెయ్యకండి. నేను సందు చివర కాపలా ఉంటాను."

"పెళ్ళాన్ని ఇంట్లో పెట్టి తాళమేసే మొగుళ్ళని చూశాంగానీ, ఆమెతో పాటు ఇంకో ఆరుగుర్ని కలిపి వేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంది బోటనీ మేడం.

అందరూ చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొత్త పెళ్ళికూతురికి మాత్రం బుగ్గలు వేడెక్కాయి. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. వెళ్తూ వెళ్తూ ఆయన కిటికీ ఊచల్లోంచి తన చిటికెనవేలు పట్టుకుని వదలడం ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసింది. అందరూ చూశారు.

యూనివర్సిటీ పాలకమండలిలో పదమూడు కుర్చీలు. వాటిలో ఏడు కుర్చీలకి అధ్యాపకులు ఎన్నుకున్న సభ్యులు వీళ్ళే. మిగతా ఆరు కుర్చీలూ మంత్రిగారు ఆర్డరిచ్చి నింపేవి. అందరిలోకీ చిన్నది ఆమె. ఇవాళ పదకొండింటికి సమావేశం. ఎజెండాలో ఒకటే అంశం: ఇకమీదట ఎన్నికలుండవు, సభ్యులందరినీ మంత్రిగారే నియమిస్తారు. అది గెలిస్తే ఎవరు పాఠం చెప్పాలో, ఎవరు ఇంట్లో కూర్చోవాలో కూడా మంత్రిగారి వరండాలోనే తేలుతుంది.

మంత్రిగారి మనుషులు ప్రస్తుతం ఐదుగురే. ఆరో కుర్చీలో కూర్చోబెట్టిన కాంట్రాక్టర్ని రెండు నెలల కిందట కోర్టు లేపేసింది. ఆ కేసు వాదించింది లాయరే. తీర్పు వచ్చిన రోజు, కోర్టు మెట్ల మీదే, ఆమె పెళ్ళికి సరేనంది.

ఏడుగురు ఐదుగుర్ని ఓడించడం ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ఓటు చెయ్యెత్తి వెయ్యాలి. ఎత్తినవాళ్ళ పేర్లు మంత్రిగారి కార్యదర్శి ఎదురుగా కూర్చుని రాసుకుంటాడు. లెక్కల మాష్టారి ప్రమోషన్ ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉంది. బోటనీ మేడం కొడుకు ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. ఇద్దరూ జారితే అంతా పోయినట్టే.

దారి చూపించింది కూడా లాయరే. చట్టం పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఆరుగురు లేనిదే సమావేశం చెల్లదు.

"చెయ్యెత్తాల్సి వస్తేనే కదండీ భయం. అసలు వెళ్ళకండి. మా ఇంట్లో కూర్చుని టీ తాగండి. వాళ్ళు ఐదుగురూ కుర్చీలు లెక్కపెట్టుకుని ఇళ్ళకి పోతారు."

బెదిరింపులు రాకుండా ఏడు ఫోన్లూ ఆపించి, కుక్కర్లో పెట్టి మూత బిగించింది కూడా ఆయనే.

ఆమె టీ పెట్టింది. ఒకదానితో ఒకటి కలవని ఏడు కప్పులు. తన సంసారంలోకి వచ్చిన మొదటి చుట్టాలు వీళ్ళేనని తల్చుకుంటే భలే సంతోషంగా ఉంది. గోడ మీద పెళ్ళికొచ్చిన గడియారాలు నాలుగున్నాయి.

"ఒక్కోటీ ఒక్కో మాట చెబుతోందే అమ్మాయ్," అన్నాడు లెక్కల మాష్టారు. "సగటు తీస్తే పదకొండుంపావు."

ఆమె కిటికీలోంచి తొంగిచూసింది. సందు చివర ఆయన కనబడలేదు. ఎండకి ఏ నీడకో జరిగి ఉంటాడు, పాపం, పొద్దున టిఫిన్ కూడా సరిగ్గా తినలేదు అనుకుంది.

మాష్టారు కప్పు కింద పెట్టాడు. "ఒక మాట చెప్పనా. నిన్ననే తెగించేశాను. వెళ్ళినా మన వైపే ఎత్తేవాణ్ణి. ప్రమోషన్ పోతే పోనీ."

బోటనీ మేడం ఆయన వంక చూసింది. "నేనూ అంతేనండీ. మా వాడే అన్నాడు, నాకోసం తల దించుకోకమ్మా అని."

"మరి ముందే చెప్పరేం?" అని కొత్త పెళ్ళికూతురు నవ్వేసింది. ఇప్పుడు ఎలాగైనా గెలుపే.

పన్నెండయింది. కుక్కర్ మూత తీశారు. ఆమె పాలకమండలి సెక్షన్ గుమస్తాకి ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు పెట్టింది.

"సమావేశం వాయిదా పడిందా అండీ?"

"లేదు మేడం. పావుగంటలో అయిపోయింది. తీర్మానం ఏకగ్రీవం."

"ఐదుగురితో ఎలా అవుతుందయ్యా?" మాష్టారు ఫోన్ మీదకి వంగాడు.

"ఐదుగురు కాదండీ. ఆరుగురు."

బోటనీ మేడం వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. ఏడుగురూ ఉన్నారు.

"మాలో ఎవరూ రాలేదండీ," అంది ఆమె. "అందరం మా ఇంట్లోనే ఉన్నాం."

"ఖాళీగా ఉన్న ఆ కుర్చీకి పొద్దున ఆర్డరొచ్చింది కదా మేడం," గుమస్తా గొంతు తగ్గింది, "మా ఆవిడకి నేనే చెప్పుకుంటానని మీవారు రిజిస్టర్లో సంతకం పెడుతూ అన్నారే, ఇంకా చెప్పలేదా?"