ఎర్ర లిల్లీ దగ్గర ముసలాయన

"కోయకండి."

ఎర్ర లిల్లీ మీదికి చాచిన చంద్రకళ చెయ్యి ఆగిపోయింది.

హైవే పక్క గడ్డిలో, చేతిలో పాత టోపీతో ఒక తెల్ల ముసలాయన నిలబడి ఉన్నాడు.

"కాడ తుంచితే కింద దుంప కూడా చచ్చిపోతుంది. ఎవరూ నాటిన మొక్క కాదు. ఈ ప్రెయిరీ గడ్డి మైదానంలో దానంతటదే పుట్టింది," అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా.

ఆమెకు ఒళ్ళు మండింది.

"మొన్న చలికాలంలో నా కూతురి కారు ఇక్కడే పల్టీ కొట్టింది. మంచులో ఒంటరిగా పోయింది నా బిడ్డ. మీకు పువ్వు మీద దిగులా?"

ముసలాయన ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయి ఆగాడు.

"దయచేసి వెళ్ళండి."

ఆయన తల వంచుకుని తన ట్రక్కు వైపు నడిచాడు.

పువ్వు కోయకుండానే ఎడ్మంటన్‌లోని ఇంటికి తిరిగి వచ్చింది చంద్రకళ.

ఇంట్లో ఏ తలుపు చప్పుడైనా కూతురు చరితే వచ్చిందనిపించేది. కళ్ళు మూస్తే మంచు. ఆ మంచులోంచి చరిత పిలుపు.

"ఎంతసేపు ప్రాణంతో ఉందో, ఎవర్ని పిలిచిందో," అనేది భర్తతో.

"అంబులెన్స్ వచ్చేసరికే పోయిందన్నారుగా కళా. ఇంక ఎవరు చెప్తారు?" అనేవాడు మల్లికార్జున్.

మరుసటి ఏడాది జూలైలో ఇద్దరూ అక్కడికి వెళ్ళారు. లిల్లీ పూసింది. ముసలాయన లేడు.

దగ్గర్లో ఉన్న గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫోన్‌లో తెలుగు మాట్లాడుతోంది. పేరు స్వీటీ, ఊరు వరంగల్.

"ఆ ఎర్ర పూల దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. తెలుసామ్మా?" అడిగింది చంద్రకళ.

"వాల్టర్ తాతనా ఆంటీ? మార్చిలనే చనిపోయిండు."

చంద్రకళ భర్త వైపు చూసింది.

"చాలా మంచోడు ఆంటీ. పోయినేడు చలికాలంల ఒక అమ్మాయికి అక్కడ యాక్సిడెంట్ అయింది. తన కోటు ఆమెకు కప్పి, పానం పోయేదాకా చెయ్యి పట్టుకొని మంచులనే కూసున్నడు."

చంద్రకళ కౌంటర్ అంచు పట్టుకుంది.

"ఆ అమ్మాయి... ఏమైనా అందా?"

"తెలుగుల ఏదో అన్నదంట. ఆ మాటల్ని అట్లనే గుర్తుపెట్టుకొని, అర్థమేందని నన్ను అడిగిండు."

"ఏమంది?"

"'అమ్మకి చెప్పొద్దు' అన్నదంట."

చంద్రకళ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

"ఏం అడుగుతున్నదో తెల్వకుండనే 'సరే' అని మాటిచ్చిండంట ఆంటీ. నేను అర్థం చెప్పినంక, ఇగ వాళ్ళమ్మ ఎన్నడన్న ఎదురుపడ్డా నోరు విప్పనన్నడు."