కళ్లద్దాల డబ్బాలో ఫ్యూజు

కూతురు కూరగాయలకు వెళ్లిన సమయం చూసి, దర్జీ షెడ్డులోకి దూరి తన ఇంటి కారులో తానే దొంగతనం చేశాడు.

దొంగిలించింది గోరంత వస్తువు. పెట్రోలు పంపుకు కరెంటు అందించే ఫ్యూజు. స్టీరింగ్ కింద ఉన్న పెట్టెలోంచి దాన్ని పీకి, కళ్లద్దాల డబ్బాలో పడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. ఇక ఎవరెంత తాళం తిప్పినా ఇంజిన్ గిర్రున తిరుగుతుందే గానీ అంటుకోదు.

ఆ కారు అతని భార్యది. పాతదే అయినా మామూలు కారు కాదు. ఆరు సిలిండర్ల ఇంజిన్. ఆవిడ నడుపుతుంటే పక్క బండివాడు హారన్ మీద చేయి వేసేలోపు మలుపు దాటేసేది. దర్జీ పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆవిడ మంచం పట్టాక కారూ మూలపడింది. పోయేముందు ఒక్కటే కోరింది. "మీరెలాగూ నడపరు. బాగుచేసి మా తమ్ముడికిచ్చేయండి."

తమ్ముడు ఊరికి ఆ చివర ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే పని. అక్క ఉన్నన్నాళ్లూ వారం వారం వచ్చేవాడు. ఆవిడ పోయాక ఆ రాక తగ్గి, ఫోనులోకి దిగి, ఆ ఫోనూ పలచబడింది. ఇప్పుడు కారు సంగతి చూద్దామని ఆదివారం వస్తానన్నాడు. స్టార్టయితే తీసుకుపోతాడు. ఆ తర్వాత ఈ గేటు తీయడానికి అతనికి పనేముంటుంది?

అందుకే ఫ్యూజు.

బామ్మర్ది వచ్చాడు. చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తాడు. "నేను కాస్త దుమ్ము దులుపుతాను. నువ్వెళ్లి కాఫీ పెట్టు బావా," అన్నాడు. దర్జీ కాఫీతో వచ్చాక బామ్మర్ది తాళం తిప్పాడు. ఇంజిన్ దగ్గి దగ్గి ఊరుకుంది.

"ప్లగ్గులేమో," అన్నాడు బామ్మర్ది.

"ప్లగ్గులే," అన్నాడు దర్జీ. అంత తొందరగా ఒప్పుకున్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

ప్లగ్గులు మార్చారు. మరో ఆదివారం బ్యాటరీ. ఆపైన ఫిల్టరు, ఆపైన రేడియేటరు గొట్టాలు. బ్రేకులు విప్పి మళ్లీ బిగించారు. దర్జీ సీట్లకు కొత్త గుడ్డ కుట్టాడు. ప్రతివారం బామ్మర్ది రావడం, దుమ్ము దులుపుతూ కాఫీ అడగడం, సాయంత్రం దాకా ఇద్దరూ కారు కింద వెల్లకిలా పడుకుని ఆవిడ డ్రైవింగు తలుచుకుని నవ్వుకోవడం.

"బోల్టు బిగిస్తున్నావా, కాజా కుడుతున్నావా బావా?"

"నీ లిఫ్టులున్న మేడల్లో జనం మెట్లెందుకు ఎక్కుతారో ఇప్పుడర్థమైందిరా."

ఒకసారి మాత్రం దర్జీ దొరికిపోయినంత పనైంది. బ్యాటరీ మీద చిన్న అక్షరాలు చదవబోయి, బామ్మర్ది చేయి చాచాడు. "నీ కళ్లద్దాల డబ్బా ఇలా ఇయ్యి బావా."

"నా పవరు నీకు పడదు," అని దర్జీ డబ్బాను గుప్పిట్లో బిగించాడు.

బామ్మర్ది నవ్వి ఊరుకున్నాడు. దర్జీ కళ్లముందు ఫ్యూజుల పెట్టె జోలికి మాత్రం పోనేలేదు. పాపం అమాయకుడు, అనుకునేవాడు దర్జీ. తప్పు చేస్తున్నానని అప్పుడప్పుడు మనసు పీకేది. సాయంత్రం బామ్మర్ది గేటు వేసుకుని వెళ్తున్న చప్పుడు వినగానే ఆ పీకుడు కాస్తా ఆగిపోయేది.

చివరికి కూతురికి విసుగొచ్చింది. "నాన్నా, షెడ్డు నాక్కావాలి. రేపు కదిలిందా, మామయ్య తీసుకెళ్తాడు. కదలకపోతే పాత ఇనుము లారీకి ఎక్కించేస్తాను. లారీవాడికి చెప్పేశాను కూడా."

ఆ రాత్రి దర్జీ డబ్బా తెరిచి ఫ్యూజు వంక చూస్తూ కూర్చున్నాడు. ఫ్యూజు పెడితే బామ్మర్ది రాక ఆగిపోతుంది. పెట్టకపోతే ఆవిడ కారు ముక్కలవుతుంది. తెల్లారేసరికి తేల్చుకున్నాడు. పోతే పోనీ, ఎక్కడో ఒకచోట అది తిరుగుతూ ఉంటే చాలు.

తీరా షెడ్డుకు వెళ్తే, కూతురు అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది. గేటు ముందు లారీ. బామ్మర్ది అప్పుడే వచ్చాడు. లారీ ఎందుకో విని అతని ముఖం పాలిపోయింది. ఈసారి కాఫీ అడగలేదు. బానెట్ ఎత్తి దాని కింద తల దూర్చాడు.

దర్జీ డోరు తీసి, కళ్లద్దాలు కింద పడ్డట్టు నటిస్తూ స్టీరింగ్ కిందికి వంగాడు. ఫ్యూజు చేతిలోకి తీసుకున్నాడో లేదో, బామ్మర్ది వచ్చి కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పాడు.

కారు గర్జించింది. షెడ్డు రేకులు వణికాయి. లారీవాడు చెవులు మూసుకున్నాడు.

"అమ్మ బయల్దేరినట్టే ఉంది," అని కూతురు నవ్వి, కళ్లు తుడుచుకుని, లారీవాణ్ణి సాగనంపడానికి గేటు దగ్గరికి వెళ్లింది.

దర్జీ నేల మీదే చతికిలబడ్డాడు. ఫ్యూజు ఇంకా అతని అరచేతిలోనే ఉంది. పెట్టె మూత తీసి చూశాడు. అక్కడ మరో ఫ్యూజు ఉంది. దాని మీద దుమ్ము కూడా పేరుకుంది.

"మొదటి ఆదివారమే వేశాను బావా," అన్నాడు బామ్మర్ది, ఇంజిన్ ఆపుతూ. "లిఫ్టు ఆగితే మేం ముందు చూసేది ఫ్యూజే కదా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు స్టార్టవలేదురా?"

బామ్మర్ది ఓసారి గేటు వైపు చూశాడు. మేనకోడలి వీపు ఇటే ఉంది. గబుక్కున బానెట్ కిందికి చేయి పోనిచ్చి, అగ్గిపెట్టెలో పట్టేంత నల్లటి దిమ్మనొకదాన్ని పీకి, దర్జీ అరచేతిలో ఫ్యూజు పక్కన పెట్టాడు.

"ఇది లేకపోయినా పంపు తిరగదు. ఇన్ని వారాలూ నా జేబులో దాచాను బావా, ఇక నీ వంతు."