మూడు కాదులు

"సంతకం పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో," అంది తల్లి, కాగితాన్ని బల్ల మీద బోర్లించి.

"సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చెయ్యాలమ్మా. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది," అంది కూతురు.

ఉద్యోగం రేవులో. రోజుకి నాలుగుసార్లు సముద్రం మట్టం ఎంత ఉందో చూసి రాయాలి. ఉండేది ఒడ్డునే కట్టిన హాస్టల్లో. ఇరవై ఒకటి నిండని వాళ్లకి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలన్నారు. తండ్రి పొద్దున్నే పెట్టేశాడు.

"సముద్రం ముందుకొస్తోందని రోజూ వార్తల్లో చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారు. అందరూ వెనక్కి పరుగెడుతుంటే నువ్వొక్కదానివి ఎదురెళ్తానంటావేంటే?"

"మీ అమ్మకి కుళాయి కారినా వరదే," అన్నాడు తండ్రి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

"మీరు ఆ కాలరేదో కుట్టుకోండి. మాటలు కుట్టక్కర్లేదు."

అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఒక అమ్మాయి, చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితాలు. ఎండకి ముఖం కందిపోయింది.

"వాతావరణ మార్పు గురించి జనం ఏమనుకుంటున్నారో అడుగుతున్నామండీ. మూడే ప్రశ్నలు. అవును, కాదు, చెప్పలేను... వీటిలో ఒకటి చెబితే చాలు."

తల్లి ముఖం విప్పారింది. "దేవుడు పంపినట్టొచ్చావు. రా, కూర్చో. నన్నడుగు."

"అలా కుదరదండీ. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందొస్తుందో వాళ్లనే అడగాలి. మా పద్ధతి అది."

"నాదే ముందు."

"నీది పోయిన నెలే అయిపోయింది కదే," అన్నాడు తండ్రి. "నాదింకా ఆరు నెలలుంది. పిల్లది వచ్చే వారం."

తల్లి ఒక్క క్షణం ఆలోచించింది. బోర్లించిన కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

"మరీ మంచిది. దాన్నే అడుగమ్మాయ్. ఏ ఒక్కదానికి అది 'అవును' అన్నా, ఈ కాగితం ఇక్కడే చింపేస్తా. మూడింటికీ 'కాదు' అంటే సంతకం పెడతా."

సర్వే అమ్మాయి ఇబ్బందిగా కూతురి వైపు చూసింది. "మనం బయట వరండాలో మాట్లాడుకుందామా?"

"వద్దు. ఇక్కడే అడగండి," అంది కూతురు.

"మిగతా ఇళ్లలో ఏమన్నారేం?" తల్లి మంచినీళ్ల గ్లాసు అందిస్తూ ఆరా తీసింది.

చెప్పకూడదు. కానీ చల్లటి నీళ్లు గొంతు దిగేసరికి ఆ అమ్మాయి మెత్తబడింది. "ఒకాయన ఎండలు ఎప్పుడు లేవన్నారు. ఇంకొకావిడ ప్రమాదమే గానీ మన వీధిదాకా రాదులే అన్నారు."

"నన్నడిగితే 'చెప్పలేను' అని రాసుకో తల్లీ," అన్నాడు తండ్రి. "ఈ ఇంట్లో నేను క్షేమంగా ఉన్నదే ఆ జవాబుతో."



"మొదటి ప్రశ్న," అంది సర్వే అమ్మాయి. "వాతావరణ మార్పు వల్ల మీ జీవితంలో మీకు హాని జరుగుతుందనుకుంటున్నారా?"

"కాదు."

"జరగదు అనాలి. కాదేంటి?" అంది తల్లి.

"మధ్యలో అందించకూడదండీ." అమ్మాయి టిక్కు పెట్టుకుంది. "రెండోది. మీరుండే చోటికి సముద్రం వల్ల ముప్పు పెరుగుతోందనుకుంటున్నారా?"

"కాదు."

"పెరగనిదానికి రోజుకి నాలుగుసార్లు కొలవడమెందుకే?"

"పెరగట్లేదని చూసుకోడానికి," అంది కూతురు, తడుముకోకుండా.

మిషను ఆగింది. తండ్రి కూడా ఇటే చూస్తున్నాడు. తల్లి రెండు చేతుల్లోనూ కాగితం బిగుసుకుంది.

"ఆఖరిది. వాతావరణ మార్పు అత్యవసర పరిస్థితి అనుకుంటున్నారా?"

కూతురు తల్లి కళ్లలోకి సూటిగా చూసింది.

"కాదు."

 తల్లి కాగితాన్ని బల్ల మీద పరిచి, నలిగిన అంచుల్ని అరచేత్తో సాపు చేసింది. సర్వే అమ్మాయి చేతిలోంచి కలం అందుకుని సంతకం పెట్టేసింది. కూతురు ఒక్క ఉరుకున కాగితం లాక్కుని చెప్పులు వెతుక్కోవడానికి లోపలికి పరుగెత్తింది.

"నిజంగానే పెట్టావా?" అన్నాడు తండ్రి, నోరు తెరిచి.

ఆవిడ కలాన్ని సర్వే అమ్మాయికి తిరిగిచ్చేసింది.

సర్వే అమ్మాయి రెండు అంతస్తులు దిగేసరికి పైనుంచి ఎవరో ఆయాసపడుతూ వస్తున్న చప్పుడైంది. తల్లి. కాళ్లకి చెప్పుల్లేవు.

"అమ్మాయ్, ఆగు. ఆ మూడూ కొట్టేసి 'అవును' అని రాయి."

"చెప్పిందే రాయాలండీ. మార్చకూడదు."

"అవన్నీ అబద్ధాలమ్మా. ఊళ్లో వాళ్లంతా ఏం కాదు ఏం కాదు అని రాయించేస్తే, చెయ్యాల్సినవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోరూ? నిన్న దాని దిండు కింద కాగితం చూశాను. హాస్టల్ నుంచి గుట్ట మీదకి దారి గీసుకుంది. పరుగెత్తితే ఎన్ని నిమిషాలు, నడిస్తే ఎన్ని నిమిషాలు, వంతెన మునిగితే ఏ పక్కనుంచి తిరగాలి... అన్నీ రాసుకుంది. నాకంటే ఎక్కువ భయం దానికి."

సర్వే అమ్మాయి నివ్వెరపోయింది. "మీ అమ్మాయి అబద్ధం చెబుతోందని తెలిసి కూడా సంతకం పెట్టారా?"

తల్లి మెట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"భయం లేని పిల్లయితే చచ్చినా పంపేదాన్ని కాదు."